జార్జియా: హెచ్4 మీదున్న అమ్మాయి హైస్కూల్లో వర్క్ బేస్డ్ లెర్నింగ్ తీసుకోవచ్చా?

కమ్మింగ్_అమ్మ:

అందరికీ నమస్తే అండి. మేం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాం. మా అమ్మాయికి 16 నిండాయి, ఆగస్టులో లెవెన్త్‌కి వెళ్తుంది, హెల్త్‌కేర్ పాత్‌వేలో (ఆ రంగానికి సంబంధించిన కోర్సుల వరుస) ఉంది. స్కూల్లో వర్క్ బేస్డ్ లెర్నింగ్ అని ఉంది కదా, ఆఖరి రెండు పీరియడ్లు క్లాసుకి బదులు బయట జాబ్ చేస్తే క్రెడిట్ ఇస్తారు, అది తీసుకోవాల్సిందే అని పట్టుబట్టి కూర్చుంది. అప్లికేషన్ తనే నింపుకుంది, టీచర్ల దగ్గర రికమెండేషన్లు తెచ్చుకుంది, స్కూల్ ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. ఇప్పుడు సెమిస్టర్ మొదలయ్యేలోపు ప్లేస్‌మెంట్ చూసుకోమన్నారు. ఇంటి దగ్గర ఫార్మసీలో అడిగితే ముందు కౌంటర్‌లో పెట్టుకుంటామన్నారు, కానీ వాళ్ళిచ్చిన ఫారాల్లో సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్‌ఎస్‌ఎన్) అడిగారు.

మేం హెచ్1 (ఉద్యోగం చేసుకునే వీసా), హెచ్4 (హెచ్1 వాళ్ళ భార్య లేదా భర్తకి, పిల్లలకిచ్చే వీసా) మీదున్నాం. గ్రీన్‌కార్డ్‌కి కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయింది, మేం వేయాల్సిన గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ ఐ-485కి క్యూలో మా డేట్ ఇప్పట్లో వచ్చేలా లేదు. పాపకి ఎస్‌ఎస్‌ఎన్ లేదు. స్కూల్లో ఈ ప్రోగ్రాం చూసే కోఆర్డినేటర్‌ని అడిగితే ఇండియన్ పిల్లలు చాలామంది చేస్తున్నారండి ప్రాబ్లం ఉండదు అన్నారు. మా వారి ఫ్రెండ్‌కి రెస్టారెంట్ ఉంది, ఆయనేమో మన దగ్గరికి పంపించండి, క్యాష్ ఇచ్చేద్దాం, స్కూల్ కాగితం మీద నేను సంతకం పెడతా అంటున్నారు. ఇంకొకరు అసలు జీతమే తీసుకోకపోతే ఏ గొడవా ఉండదంటున్నారు. తలా ఒక మాట. స్కూల్ వాళ్ళే పంపిస్తుంటే మీకెందుకు భయం అని పాప అడుగుతోంది, నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

జాన్స్‌క్రీక్_నాన్న:

అక్కా, మా పెద్దోడు పోయినేడు ట్వెల్త్‌ల ఈ వర్క్ బేస్డ్ లెర్నింగే (డబ్ల్యూబీఎల్) చేసిండు. వాడు ఇక్కడ పుట్టినోడు కాబట్టి వీసా లొల్లి లేకుండె, ఆ సంగతి తెలిసినోళ్ళు చెప్తరు, నేను స్కూల్ దిక్కు రూల్స్ చెప్త. జార్జియాల 16 నిండాలె, లెవెన్త్ గానీ ట్వెల్త్ గానీ ఉండాలె, పిల్లలు తీసుకున్న పాత్‌వేకి ఆ జాబ్‌కి సంబంధం ఉండాలె. ఈ ఆఖరిది చాలామంది పట్టించుకోరు. హెల్త్‌కేర్ పాత్‌వే పిల్ల రెస్టారెంట్ల టేబుళ్ళు తుడుస్త అంటే కోఆర్డినేటర్ ఒప్పుకునుడు కష్టం, మీ సార్ ఫ్రెండ్ సంతకం పెట్టినా సరే.

ట్రైనింగ్ అగ్రిమెంట్ అని ఒక కాయితం ఉంటది, దాని మీద పిల్లలు, మనం, జాబ్ ఇచ్చినోళ్ళు, కోఆర్డినేటర్ అందరం సంతకం పెట్టాలె. ట్రైనింగ్ ప్లాన్ అని ఇంకోటి, ఏమేం పని నేర్పిస్తరో వరుసగ రాసుంటది. మావోడు ఒక చిన్న ఐటీ సపోర్ట్ ఆఫీసుల చేసిండు, వాని ప్లాన్ల మొదలు ఫోన్లు ఎత్తి కంప్లైంట్ రాసుకునుడు, తర్వాత లాప్‌టాప్‌లు రెడీ చేసుడు, ఆఖరికి సీనియర్ వెంబడి కస్టమర్ ఆఫీసుకు పోవుడు అని ఉండె. గట్లనే చేపిచ్చిండ్రు కూడ. మార్కులు సూపర్‌వైజర్ ఇస్తడు, కోఆర్డినేటర్ వచ్చి చూసిపోతది. మావోళ్ళ స్కూల్ల ఒక్కో పీరియడ్‌కి వారానికి 5 గంటలు లెక్క, రెండు పీరియడ్లైతే 10. చేసిన గంటలు ఎక్కియ్యాలె, పేస్టబ్ (జీతం చీటీ) కూడ చూపియ్యమన్నరు. క్యాష్ ఇస్తే ఆ పేస్టబ్ యాడికెల్లి తెస్తరు అక్కా?

ఇంకోటి, మధ్యాహ్నం స్కూల్ నుంచి జాబ్‌కి పోవుడు మన బాధ్యతే, బస్సు ఇయ్యరు. 16కి క్లాస్ డి డ్రైవింగ్ లైసెన్స్ వస్తది కానీ మొదటి ఆర్నెల్లు ఇంటోళ్ళు తప్ప వేరేటోళ్ళను బండిల ఎక్కించుకోవద్దు, కాబట్టి దోస్తులతోని కలిసి పోతా అంటే కుదరది. ఇది కూడ ముందే చూసుకోన్రి.

ఫైలింగ్_డెస్క్:

నేను ఇమ్మిగ్రేషన్ లా ఆఫీసులో పారాలీగల్‌గా చేస్తున్నాను, లాయర్ని కాదు, మీ కేసు చూసే లాయర్‌తో తప్పకుండా మాట్లాడండి. కానీ ఇలాంటి ఫోన్ ఆగస్టు వస్తే చాలు వస్తూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్తున్నా.

హెచ్4 మీదున్న పిల్లలు జీతానికి పని చెయ్యకూడదు. గంటైనా సరే, స్కూల్ క్రెడిట్ కోసమైనా సరే. 2015లో వచ్చిన హెచ్4 ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) రూలు హెచ్1 వాళ్ళ భార్యలకి, భర్తలకి మాత్రమే, అదీ ఐ-140 అప్రూవ్ అవడం లాంటి కండిషన్లు ఉంటేనే. అమ్మకి కార్డు వచ్చింది కదా పిల్లకీ వస్తుందనుకుంటారు, రాదు. పిల్లలకి సొంతంగా ఈఏడీ రావాలంటే సాధారణంగా వాళ్ళ పేరు మీద ఐ-485 పడి ఉండాలి. 2020 అక్టోబర్‌లో గ్రీన్‌కార్డ్ క్యూ డేట్లు బాగా ముందుకెళ్ళినప్పుడు ఫైల్ చేసుకున్నవాళ్ళ పిల్లలకి అలాగే వచ్చాయి. మీ కోఆర్డినేటర్ గారు చూసిన "ఇండియన్ పిల్లలు" ఇక్కడ పుట్టినవాళ్ళో, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళో, ఇలా ఈఏడీ ఉన్నవాళ్ళో అయ్యుంటారు. ఆవిడ తప్పేం లేదండి. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పబ్లిక్ స్కూళ్ళు చేర్చుకునేటప్పుడు పిల్లల వీసా సంగతి అడగవు, కాబట్టి మీ పాప హెచ్4 అని ఆవిడకి తెలిసే దారే లేదు. స్కూల్ అప్రూవ్ చేసిందంటే చదువు వరకే అప్రూవ్ చేసినట్టు, పని చేసుకునే పర్మిషన్ ఇచ్చినట్టు కాదు. పాపకి మీరు చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇక అసలు భయపడాల్సింది ఐ-9 ఫారం గురించి. ఇక్కడ పని చేసే హక్కు ఉందో లేదో చూసే ఫారం అది, ఎవరు జాబ్ ఇచ్చినా నింపించాలి, హైస్కూల్ పిల్లలైనా అంతే. అందులో నువ్వు సిటిజనా, గ్రీన్‌కార్డా, వర్క్ పర్మిట్ ఉన్న వేరే దేశస్తురాలివా అని గళ్ళుంటాయి. స్టోర్ మేనేజర్ టాబ్లెట్ చేతికిచ్చి త్వరగా క్లిక్ చెయ్యమ్మా అంటాడు, 16 ఏళ్ళ పిల్ల మొదటి గడి టిక్ పెట్టేస్తుంది. సిటిజన్ కాకుండా సిటిజన్ అని చెప్పడం మామూలు తప్పు కాదు, 1996 చట్టం ప్రకారం దాని వల్ల గ్రీన్‌కార్డే శాశ్వతంగా ఆగిపోయే పరిస్థితి రావచ్చు. తెలియని వయసు అని వాదించుకోవచ్చేమో కానీ ఆ వాదన దాకా మన పిల్లని ఎందుకు తీసుకెళ్ళాలి? పాపని కూర్చోబెట్టి ఈ ఒక్క ఫారం గురించి చెప్పండి, నన్ను అడక్కుండా ఏ జాబ్ ఫారం మీదా సంతకం పెట్టకు అని.

క్యాష్ అయితే ఇంకా దారుణం. పర్మిషన్ లేకుండా పని చేసినట్టే అవుతుంది, పైగా స్కూల్ ఫైల్లో మీ అందరి సంతకాలతో దానికి రుజువు కూడా ఉంటుంది. రేపు కాలేజీలో ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారేటప్పుడు స్టేటస్ సరిగ్గా ఉంచుకున్నారా లేదా అనే చూస్తారు.

సువానీ_కిచెన్:

నేను రెస్టారెంట్ మేనేజర్‌నండి, స్కూల్ పిల్లల్ని తీసుకుంటుంటాం, డబ్ల్యూబీఎల్ వాళ్ళు కూడా ఉన్నారు. వీసా సంగతి పైన చెప్పారు కాబట్టి వర్క్ పర్మిషన్ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నా, ఎందుకంటే మన వాళ్ళ హోటళ్ళలో పిల్లల పని గంటలు, సేఫ్టీ రూల్స్ అస్సలు పట్టించుకోరు, నాకు చాలా బాధేస్తుంది.

ఫెడరల్ రూల్ ప్రకారం 14, 15 ఏళ్ళ వాళ్ళు స్కూల్ ఉన్న రోజు 3 గంటలు, స్కూల్ నడిచే వారంలో మొత్తం 18 గంటలే చెయ్యాలి, రాత్రి 7 తర్వాత ఉండకూడదు, ఎండాకాలం సెలవుల్లో మాత్రం 9 దాకా. 16, 17 వాళ్ళకి ఫెడరల్‌లో గంటల లిమిట్ లేదు, కానీ ప్రమాదకరమైన పనులు 18 నిండేదాకా చేయించకూడదు. కిచెన్‌లో మాంసం స్లైసర్ ముట్టుకోకూడదు, నడిపించడమే కాదు, దాని బ్లేడ్ విప్పి కడగడం కూడా నిషేధమే. పెద్ద పిండి మిక్సర్ కూడా అంతే. నాన్ పిండి కలిపేది అదే కదా, ఒక్క నిమిషం చూడు బాబూ అని పిల్లాణ్ణి అక్కడ నిలబెట్టి పోతారు. అట్టపెట్టెలు నొక్కే బేలర్‌ని 18 లోపు వాళ్ళు నడపకూడదు, ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కకూడదు. స్టూడెంట్ లెర్నర్ అని చెప్పి కొన్నిటికి సడలింపు ఉంది, కానీ దానికి రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలి, పక్కనే అనుభవం ఉన్న మనిషి నిలబడి చూసుకోవాలి, పని కొద్దిసేపే ఉండాలి, సేఫ్టీ స్కూల్లోనూ నేర్పాలి. పైగా అన్ని మెషీన్లకీ ఆ సడలింపు వర్తించదు, పిండి మిక్సర్‌కి అసలు లేదు. డబ్ల్యూబీఎల్ కాగితం ఉంది కదా అని ఏ మెషీన్ దగ్గరైనా నిలబెట్టొచ్చు అనుకోకండి.

హెల్త్‌కేర్ పిల్లలు నర్సింగ్ హోమ్‌కి వెళ్తే పేషెంట్లని ఎత్తే కరెంటు లిఫ్టులు ఉంటాయి, అవి కూడా ఈ లిస్టులోకే వస్తాయి. 2011లో లేబర్ డిపార్ట్‌మెంట్ కొంచెం సడలించింది, ట్రైనింగ్ అయిన 16, 17 ఏళ్ళ వాళ్ళు పెద్దవాళ్ళకి సాయం పట్టొచ్చు, ఒక్కరే నడపకూడదు. మీ పిల్లల సూపర్‌వైజర్‌ని మొదటి రోజే అడగండి.

అన్నట్టు ఊరికే చేయించుకోవడం గురించి. లాభాలకి నడిచే షాపులో పిల్ల కౌంటర్ మీద నిలబడి బిల్లు కొడుతుంటే అది ఉద్యోగమే, జీతం ఇవ్వాల్సిందే. ఫెడరల్ మినిమం 2009 నుంచి గంటకి 7.25 డాలర్లే, అది కూడా ఇవ్వకుండా ఇంటర్న్‌షిప్ అని పేరు పెడితే చెల్లదు. ఆ పని వల్ల ఎక్కువ లాభం పిల్లకా షాపుకా అని చూస్తారు.

ఒకప్పటి_హెచ్4:

ఆంటీ, నేను మూడో క్లాసులో ఇక్కడికి వచ్చాను, హైస్కూల్ అంతా హెచ్4 మీదే. ఇప్పుడు కాలేజీలో ఎఫ్1 మీద ఉన్నాను. నా ఫ్రెండ్స్ అందరూ మధ్యాహ్నం జాబ్‌కి వెళ్ళిపోతుంటే నేను క్లాసులో కూర్చునేదాన్ని, మా అమ్మానాన్నల మీద చాలా కోపం ఉండేది. వాళ్ళు వద్దన్నారు అంతే, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే మీరు తనకి వివరంగా చెప్పండి, తనతో కూర్చుని ఆ ఐ-9 ఫారం ఆన్‌లైన్‌లో తెరిచి చూపించండి, చూస్తే అర్థమవుతుంది.

నేనేం చేశానంటే హోసా క్లబ్‌లో చేరాను, అది హెల్త్ పాత్‌వే పిల్లల కోసమే, పోటీలకి వెళ్ళాను. ఒక నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్లో టీన్ వాలంటీర్‌గా చేశాను. వీల్‌చైర్లు తీసుకెళ్ళడం, దుప్పట్లు సర్దడం, లాబీలో వచ్చినవాళ్ళకి ఎలివేటర్ ఎక్కడో చూపించడం, అంతే, కానీ నర్సులు రాత్రి షిఫ్ట్ వాళ్ళకి పేషెంట్లని ఎలా అప్పజెప్తారో దగ్గర నిలబడి విన్నది నాకిప్పటికీ పనికొస్తుంది. జాబ్ షాడోయింగ్ కూడా ఉంటుంది, పని చెయ్యం, పక్కన ఉండి చూస్తాం. కాలేజ్ అప్లికేషన్‌లో జాబ్ లేదని ఎవరూ అడగలేదు ఆంటీ. ఎఫ్1 వచ్చాక క్యాంపస్ లైబ్రరీలో పని దొరికింది, ఎస్‌ఎస్‌ఎన్ అప్పుడే వచ్చింది. సీపీటీ (చదువులో భాగంగా బయట చేసే పని) అయితే సాధారణంగా ఒక అకడమిక్ ఇయర్ అయ్యాకే.

కమ్మింగ్_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండి, ముఖ్యంగా ఆ ఐ-9 సంగతి నాకు అస్సలు తెలీదు. ఒకప్పటి హెచ్4 అమ్మాయి చెప్పినట్టే రాత్రి పాపతో కలిసి ఫారం తెరిచి చూశాం, కాసేపు ఏడ్చింది, తర్వాత తనే ఫార్మసీకి ఈమెయిల్ రాసింది. రెస్టారెంట్ ఆయనకి కూడా మా వారు వద్దని చెప్పేశారు, కొంచెం చిన్నబుచ్చుకున్నారు, పర్లేదు.

ఇంకో రెండు డౌట్లు. కోఆర్డినేటర్‌కి విషయం చెప్పి, హాస్పిటల్ వాలంటీరింగ్‌నే జీతం లేని ప్లేస్‌మెంట్‌గా తీసుకుని క్రెడిట్ ఇప్పించమని అడగొచ్చా? రెండోది, వాలంటీర్లకి నెలాఖరున గిఫ్ట్ కార్డ్ ఇస్తారంట కొన్ని చోట్ల, తీసుకోవచ్చా? ఇంకొకరు పాపని ఇప్పుడే ఎఫ్1కి మార్చేయమంటున్నారు, అది కూడా చెప్పండి.

ఫైలింగ్_డెస్క్:

అడగొచ్చండి, జీతం లేని ప్లేస్‌మెంట్లు కూడా ఉంటాయి. వీసా వివరాలన్నీ చెప్పక్కర్లేదు, పాపకి ప్రస్తుతం పని చేసే ఆథరైజేషన్ లేదు, జీతం లేని చోటే పెట్టగలరా అని ఒక్క ఈమెయిల్ రాయండి. కానీ జీతం లేదన్నంత మాత్రాన సరిపోదు. ఆ చోట మామూలుగా జీతమిచ్చి చేయించే పని కాకూడదు, మొదటి నుంచీ వాలంటీర్ల కోసమే ఉన్న పని అయ్యుండాలి, తర్వాత జాబ్ ఇస్తామనే మాట ఉండకూడదు. స్కూల్ ఇచ్చే ట్రైనింగ్ ప్లాన్ చేతికి రాగానే, సంతకం పెట్టకముందే, మీ లాయర్‌కి పంపి చూపించండి. క్రెడిట్‌తో ముడిపడి ఉంది కాబట్టి ఈ ఒక్క ముక్క ఆయన చూస్తేనే మంచిది.

గిఫ్ట్ కార్డ్ వద్దు. డబ్బు కాకపోయినా చేసిన పనికి బదులుగా ఇచ్చారంటే జీతం కింద లెక్కపెట్టే అవకాశం ఉంది, అందుకే స్టైపెండ్, గిఫ్ట్ కార్డ్ లాంటివి తీసుకోవద్దనే మేం చెప్తాం. సర్టిఫికెట్ ఇస్తే నిక్షేపంగా తీసుకోండి.

ఎఫ్1 ఇప్పుడు మార్చకండి. ఎఫ్1 మీద పబ్లిక్ హైస్కూల్లో మొత్తం 12 నెలలే చదవనిస్తారు, ఆ చదువుకయ్యే ఖర్చంతా మీరే కట్టాలి, పైగా బయట జాబ్ చేసుకునే వీలు అప్పుడూ ఉండదు. హెచ్4 మీద ట్వెల్త్ అయ్యేదాకా హాయిగా చదువుకోనివ్వండి. డేట్ వచ్చి 485 వేస్తే పాపకి కూడా ఐ-765 (ఈఏడీ అప్లికేషన్) కలిపి వెయ్యమని లాయర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి, చాలామంది పిల్లల దగ్గర అది వదిలేస్తారు. కార్డు చేతికొచ్చాక కూడా దాంతో పని మొదలుపెడితే హెచ్4 స్టేటస్ ఏమవుతుందో ఒకసారి అడిగి అప్పుడే జాయిన్ చేయండి.