టీ-55 మీద వార్నిష్ తెల్లబడింది, మట్టి కూడా కుదరట్లేదు: సాయం కావాలి

భీమిలి_బ్రష్:
టమియా కంపెనీ 1/35 (అసలులో ముప్పై ఐదో వంతు సైజు) టీ-55 ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ కిట్ రెండు నెలలుగా కడుతున్నాను. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో జమ్మూ వైపు ఛంబ్‌లో పోరాడిన మన ట్యాంకులా చేయాలని ఆశ. నిన్న బయట ముసురు పట్టి ఉండగానే లాకర్ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే డబ్బాతో కొట్టేశాను. పది నిమిషాల్లో టరెట్ (గన్ ఉండే పైభాగం) అంతా విభూతి పూసినట్టు తెల్లబడింది. మూడు ప్రశ్నలు. ఈ తెలుపు పోయే దారి ఉందా? కిట్‌లో వచ్చిన రబ్బరు ట్రాకులే (చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు) ఉంచనా, విడి లింకులు కొననా? మా పెరట్లో ఎర్రమట్టి జల్లెడ పట్టి ట్రాకులకి అంటించాను, ఫోటో చూసి ఎలా ఉందో చెప్పండి.

స్వాతి_స్ప్రూ:
ముసురులో లాకరా! గాలిలో తేమ ఆ పొరలో చిక్కుకుపోయి తెల్లబడుతుంది. పోయిన ఆగస్టులో నా షెర్మన్ ట్యాంకుకి ఇదే గతి పట్టింది, ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. గీకకండి. ఏసీ గదిలో ఒక పూట ఆరనిచ్చి, ఎండ కాసిన రోజు లాకర్ థిన్నర్‌లో కాస్త గ్లాస్ (మెరిసే) వార్నిష్ కలిపి ఎయిర్‌బ్రష్‌తో పొగలా పల్చగా కొట్టండి. పొర మళ్లీ మెత్తబడి తేమ బయటికి పోతుంది. బ్రష్‌తో మాత్రం ముట్టుకోవద్దు, కింద పచ్చరంగు లేచి వచ్చేస్తుంది. నాది చాలావరకు పోయింది. పోనిది దుమ్ము అని చెప్పుకుంటున్నా.

థిన్నర్_బాధితుడు:
ఏసీ గదిలో తలుపులు మూసుకుని లాకర్ కొట్టమని సలహానా? ఊపిరితిత్తులు ఏం కావాలి?

స్వాతి_స్ప్రూ:
ఆరబెట్టమన్నాను, కొట్టమనలేదు. చదివి రాయండి.

పెట్టెల_పోగు:
నా అటక మీద ఇరవై ఆరు కిట్లు ఉన్నాయి. ఒక్కటీ కట్టలేదు, అందుకే ఒక్కటీ తెల్లబడలేదు.

గురు_స్కేల్35:
వార్నిష్ సంగతి పిల్లలు చూసుకుంటారు. అసలు తప్పు ఒక్కరికీ కనపడలేదా? ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఫోటో తెరవగానే పట్టేశాను. ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చాక గన్ లోపలి పొగని బయటికి లాగే డ్రమ్ము) గన్ కొసన ఒక్కటే ఉంది. 1971లో మన టీ-55లకి గన్ మధ్యలో ఒక ఉత్తుత్తి డ్రమ్ము బిగించారు. అవతల పాకిస్తాన్ దగ్గర చైనా టైప్ 59లు ఉన్నాయి, దూరం నుంచి చూస్తే రెండూ కవల పిల్లలే. మనవాళ్లు మనవాళ్లనే కాల్చుకోకుండా ఆ ఏర్పాటు. పైగా ఆ కిట్ టీ-55ఏ అనే తర్వాతి రకానిది. హ్యాచ్‌ల (పైమూతల) మీద రేడియేషన్ తొడుగులు తీసేయాలి, ముందు పలక మధ్యలో మెషిన్‌గన్ కోసం చిన్న రంధ్రం చేయాలి. ఇవేవీ చేయకుండా వార్నిష్ దాకా వెళ్లారంటే ఏమనాలి?

బారెల్_బాబాయ్:
గురువుగారూ, గన్ మధ్యలో ఉండేది ఉత్తుత్తిది కాదు. అది 105 ఎంఎం గన్, దానికి నిజంగానే మధ్యలో ఉంటుంది.

గురు_స్కేల్35:
105 గన్ బిగించింది తర్వాత కాలంలో నాయనా. 1971లో ఉన్నది 100 ఎంఎం. యుద్ధం ఏ ఏడాదిదో చూసి మాట్లాడితే బాగుంటుంది.

బారెల్_బాబాయ్:
సరే, ఆ ఏడాది విషయంలో మీరే కరెక్టు. కానీ ఆ గొంతు ఏంటండీ, మేమేమన్నా మీ ఇంట్లో పాలేర్లమా?

భీమిలి_బ్రష్:
డ్రమ్ము పెన్ను గొట్టం ముక్కతో చేస్తాను సార్. హ్యాచ్‌లు మాత్రం నా వల్ల కాదు, అంటించేశాను. రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

అల్వాల్_ఆర్మర్:
మట్టి చూడగానే నవ్వొచ్చింది. ఛంబ్ ఎక్కడ, భీమిలి ఎక్కడ! అక్కడ ఉన్నది మునవ్వర్ తవీ నది ఒడ్డు. ఇసుక, గులకరాళ్లు, బూడిద రంగు ఒండ్రు. మీ ట్యాంకు యుద్ధం నుంచి వచ్చినట్టు లేదు, మిర్చి యార్డు నుంచి వచ్చినట్టుంది. అయినా ఆ మట్టి ఎర్రమట్టి దిబ్బల నుంచి తెచ్చారా? అది రక్షిత ప్రదేశం, పిడికెడు కూడా తీయకూడదు.

భీమిలి_బ్రష్:
పెరడు అని రాశాను కదండీ. మా జామచెట్టు కిందది. ఓవెన్‌లో అరగంట వేడి చేసి, టీ వడపోతలో జల్లించి, ఫెవికాల్ నీళ్లతో అంటించాను. అంత కష్టపడితే మిర్చి యార్డు అంటారా?

అల్వాల్_ఆర్మర్:
కష్టం వేరు, రంగు వేరు. ఆ ట్రాకుల తుప్పు ఇంకా ఘోరం. నారింజ రంగు ఏంటండీ, బత్తాయి రసం పోసినట్టు? నడిచే ట్యాంకు ట్రాకు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, నేలకి తగిలే చోట ఇనుము తెల్లగా మెరుస్తుంది. నారింజ తుప్పు వేసేవాళ్లంతా పాత ఇనుప సామాన్ల కొట్టు చూసి వేస్తారు.

మెదక్_మోడలర్:
అదేం రూలు? మా నాన్న ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేశారు. చిన్నప్పటి నుంచీ అక్కడ తయారయ్యే బీఎంపీ-2 యుద్ధవాహనం కబుర్లు విని పెరిగాను. ఇనుము వానలో తడిస్తే నారింజే అవుతుంది. నా బీఎంపీకి నారింజ వేశాను, పోటీలో బహుమతి కూడా వచ్చింది.

అల్వాల్_ఆర్మర్:
మీ నాన్నగారు ట్రాకులకి రంగు వేసేవారా?

మెదక్_మోడలర్:
నాన్న ఊసెత్తితే బాగుండదు.

అల్వాల్_ఆర్మర్:
ఎత్తింది మీరు.

మాజీ_సవార్:
బాబూ ఇద్దరూ కాస్త ఆగండి. నేను పదహారేళ్లు టీ-72 నడిపాను. ఇద్దరిదీ నిజమే. కిలోమీటరు నడిపితే చక్రాలు దొర్లే దారి, నేలకి రాసుకునే పళ్లు అద్దంలా అవుతాయి. అదే బండిని బబీనా కంటోన్మెంట్‌లో రెండు రాత్రులు వానలో వదిలేస్తే పొద్దున్నే నారింజ. మళ్లీ పార్కింగ్ దాటేలోపు ఆ నారింజ పోతుంది. కాబట్టి మీ బండి నడుస్తోందా, నిలబడి ఉందా అన్నది ముందు తేల్చుకోండి. ఇంకో మాట. మీరంతా ఎయిర్‌బ్రష్‌తో నున్నగా కొడుతున్నారు. ఇన్‌స్పెక్షన్ ముందు మేం పెద్ద బ్రష్షు పట్టుకుని పూసేవాళ్లం. బోల్టుల చుట్టూ రంగు కారి గడ్డకట్టేది, బ్రష్షు చారలు కూడా కనపడేవి. అవి వేసిన మోడల్ ఒక్కటీ చూడలేదు నేను.

స్వాతి_స్ప్రూ:
సార్, ఇది బంగారం. ఆ కారిన చుక్కలకి ఆయిల్ పెయింట్ అట్టముక్క మీద పెట్టి నూనె పీల్చాక వాడితే వస్తుందేమో, ఈ ఆదివారం చూస్తాను.

థిన్నర్_బాధితుడు:
ఆయిల్ అంటే గుర్తొచ్చింది. మోటారు సైకిల్ రంగులు అమ్మే కొట్లో దొరికే టర్పెంటైన్‌తో వాష్ (సందుల్లో మురికిలా నిలిచే పల్చటి రంగు) కలిపి, వార్నిష్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద పూశాను. తెల్లారేసరికి చక్రాల ఇరుసులు నాలుగు పటపటా విరిగాయి. అతికించిన చోట ప్లాస్టిక్ మీద ఒత్తిడి ఉంటుంది, థిన్నర్ అందులోకి దూరితే పగుళ్లే. గ్లాస్ కోటు లేకుండా వాష్ జోలికి పోకండి. ఆ కొట్టువాడేమో "ఏ బొమ్మకైనా పనికొస్తుంది" అన్నాడు.

బారెల్_బాబాయ్:
మనకి మంచి థిన్నర్ దొరికితే కదా. బయటి నుంచి తెప్పిద్దామంటే మండే సరుకని విమానంలో ఎక్కించరు. కిట్ వస్తుంది, రంగు రాదు. పెళ్లికూతురు లేని పెళ్లి.

డాలస్_డెకాల్:
ఇక్కడ వీధి చివర కొట్లో అన్నీ దొరుకుతాయి. కానీ సెలవు దొరకదు. ఒక్క సెంచూరియన్ ట్యాంకుకి మూడేళ్లు. హెయిర్‌స్ప్రే పద్ధతిలో (రెండు రంగుల మధ్య హెయిర్‌స్ప్రే కొట్టి, పైరంగు గోకడం) రంగు ఊడగొట్టబోతే ఒక్క పెచ్చూ ఊడలేదు. ఎందుకంటారు?

స్వాతి_స్ప్రూ:
పైన వేసిన పచ్చరంగు లాకర్ థిన్నర్‌తో కలిపారా? అది హెయిర్‌స్ప్రేని కరిగించి కింది రంగుని కరిచి పట్టుకుంటుంది. నీళ్లతో పల్చన చేసిన ఆక్రిలిక్ వేసి, ఆరిన గంటలోపే తడి బ్రష్‌తో గోకాలి. మూడేళ్లు ఆగితే గడ్డపార కావాలి.

గురు_స్కేల్35:
అసలు 1971లో ఆ టీ-55లు మన చేతికొచ్చి కొన్నేళ్లే. పెచ్చులు, తుప్పు ఎక్కడివి? మీరంతా వెదరింగ్ (వాడి పాతబడినట్టు చేయడం) పేరుతో ట్యాంకులకి కుష్టు తెప్పిస్తున్నారు.

అల్వాల్_ఆర్మర్:
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోండి.

భీమిలి_బ్రష్:
అందరికీ అప్‌డేట్. నిన్న ఎండ కాసింది. స్వాతి గారు చెప్పినట్టు మూడు పొరలు పల్చగా కొట్టాను, తెలుపు పోయింది, గన్ మొదట్లో మాత్రం ఇంకా కొంచెం ఉంది. ఎర్రమట్టి తడిపి టూత్‌బ్రష్‌తో కడిగేశాను. పొయ్యి బూడిద, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, కొంచెం గోధుమ రంగు పౌడర్ కలిపి మళ్లీ వేశాను. సవార్ గారి మాట ప్రకారం బండి నడుస్తోంది, కాబట్టి పళ్ల మీద పెన్సిల్ ముక్కుతో రుద్దాను, ఇనుములాగే మెరిసింది. గన్ మధ్యలో డ్రమ్ము కూడా పెట్టాను. రెండో ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

మెదక్_మోడలర్:
రబ్బరువే ఉంచుకో తమ్ముడూ. టీ-55కి పైన రిటర్న్ రోలర్లు (ట్రాకు పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు) ఉండవు, ట్రాకు చక్రాల మీద వాలి ఉండాలి. రెండో చక్రం నుంచి నాలుగో చక్రం దాకా ఫెవిక్విక్ చుక్క పెట్టి బట్టల క్లిప్పుతో నొక్కి ఉంచు. ఒక్కో వైపు తొంభై లింకులు అతికించే ఓపిక నీకుంటే వేరే సంగతి. నాకు లేదు, బహుమతి వచ్చినదానికి కూడా రబ్బరువే.

పెట్టెల_పోగు:
భీమిలి గారూ, ఆ ఫోటోలో బల్ల కింద ఎయిర్‌బ్రష్‌కి గాలి ఇచ్చేది పాత ఫ్రిజ్ కంప్రెసరేనా? చప్పుడు వస్తుందా? ఎంత పడింది?