చలికాలంలో ఆర్‌వీ బ్యాటరీ: సోలార్ ప్యానెల్ చాలునా, విప్పి ఇంటికి తేవాలా?

మంచుదారి:
మినియాపొలిస్ శివార్లలోని ఒక స్టోరేజీ యార్డులో మా ఆర్‌వీని, అంటే లోపల నివసించే వీలున్న ట్రైలర్‌ను, అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆరుబయట నిలిపి ఉంచుతాము. అక్కడ కరెంటు సదుపాయం లేదు. రెండు 12 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీలను కాపాడుకోవడానికి పైకప్పు మీద 20 వాట్ల సోలార్ ప్యానెల్ బిగిస్తే సరిపోతుందా?

పెన్నాతీరం:
సరిపోదు, విప్పి తెచ్చుకోండి. పూర్తిగా ఛార్జ్ చేసి తీగలు విప్పిన బ్యాటరీ చలిలో నెలల తరబడి నిలుస్తుంది, ఎందుకంటే చలి పెరిగేకొద్దీ అది తనంతట తాను ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది. ట్రైలర్‌లోనే వదిలేస్తే మాత్రం గ్యాస్ లీకును పసిగట్టే డిటెక్టర్ ఒక్కటే రోజుకు సుమారు 2 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీలోని ఆసిడ్ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గాని గడ్డకట్టదు. ఖాళీ అయినదానిలో మైనస్ 10 లోపే గడ్డకట్టి డబ్బా పగులుతుంది.

ఎండపొద్దు:
బండికీ బ్యాటరీకీ మధ్య కరెంటును ఆపే డిస్కనెక్ట్ స్విచ్ ఉన్నది అందుకే కదా. స్విచ్ తిప్పితే డిటెక్టర్ లాగడం ఆగుతుంది, అప్పుడు ప్యానెల్ పూడ్చవలసింది బ్యాటరీ సహజంగా కోల్పోయే కొద్దిపాటి ఛార్జ్‌ను మాత్రమే. దానికి 20 వాట్లు ఎక్కువే. అయితే మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. 12 వోల్టుల ప్యానెల్ అని పేరే గాని ఎండలో అది దాదాపు 20 వోల్టుల దాకా ఇస్తుంది, అదుపు లేకపోతే బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి.

డాలస్ బండి:
మాకు ఇక్కడ ఏ సమస్యా లేదు. లిథియం పెట్టించుకోండి, గొడవ వదులుతుంది.

పెన్నాతీరం:
డాలస్ గారూ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే దిగువన ఛార్జ్ చేయరాదు, చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. మిన్నెసోటా జనవరిలో సున్నా దాటే రోజులు ఎన్ని ఉంటాయి?
ఇక ఎండపొద్దు గారి లెక్కకు వస్తాను. డిసెంబరు 21న మినియాపొలిస్‌లో మధ్యాహ్నం సూర్యుడు 22 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు కనుక, పైకప్పు మీద బల్లపరుపుగా పడుకోబెట్టిన ప్యానెల్‌కు నేరుగా అందే ఎండ మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. దాని మీద మంచు కూర్చుంటే అదీ లేదు. నాకు బండి అమ్మిన డీలరు ‘సోలార్ రెడీ’ అని స్టిక్కరు చూపించి అమ్మాడు. తీరా చూస్తే అది ఒక సాకెట్టూ రెండు తీగలూ మాత్రమే. ప్యానెల్ నేనే కొని బిగించాను, మంచు కప్పింది, బ్యాటరీ పగిలింది, వారంటీ వర్తించదన్నారు.

ఎండపొద్దు:
మీరు స్విచ్ తిప్పారా, లేదా? ముందు ఈ ఒక్కదానికి సమాధానం చెప్పండి.

పెన్నాతీరం:
తిప్పాను. చాలా బండ్లలో డిటెక్టర్ తీగ ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే పోతుంది.

ఎండపొద్దు:
అయితే తప్పు తీగలది, సోలార్‌ది కాదు. ప్యానెల్‌ను దక్షిణం వైపు దాదాపు నిలువుగా నిలబెడితే మంచు జారిపోతుంది, వాలు ఎండ కూడా సూటిగా తగులుతుంది. ‘విప్పి ఇంటికి తెచ్చుకోండి’ అనడం గ్యారేజీ ఉన్నవారికి తేలికే. నేనుండేది అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. ఒక్కొక్క బ్యాటరీ పాతిక కిలోలు. ఎక్కడ పెట్టుకోమంటారు?

పెన్నాతీరం:
నిరుడు ఎక్కడ పెట్టారో మరిచారా? మా గ్యారేజీలోనే. మీవీ, మరో రెండు కుటుంబాలవీ వరుసగా పేర్చి, ఛార్జర్‌ను ఒకదాని నుంచి మరొకదానికి మారుస్తూ శీతాకాలమంతా చూసింది మా ఆవిడ. ఏప్రిల్‌లో తీసుకెళ్లి, కృతజ్ఞతకు బదులుగా ‘ఒకటి పాడైంది’ అని గ్రూపులో అందరికీ తెలిసేలా మెసేజీ పెట్టారు.

ఎండపొద్దు:
పాడైంది కనుకనే పెట్టాను. సిమెంటు నేల మీద ఉంచారు.

పెన్నాతీరం:
ఈ కాలపు ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీని సిమెంటు నేల ఏమీ చేయదు. బ్యాటరీ లోపలి ఒక గదిలో (సెల్) నీళ్లు ప్లేట్ల కిందికి దిగి ఉన్న స్థితిలోనే మీరు తెచ్చి ఇచ్చారు. డిస్టిల్డ్ వాటర్ పోసింది కూడా మేమే.

ఎండపొద్దు:
మీ ఇంట్లో అక్క నొచ్చుకున్నారని నాకు తెలియదు. అయినా ఒకరి గ్యారేజీ మీద ఆధారపడకూడదనే కదా నేను ఇంతసేపూ సోలార్, సోలార్ అని మొత్తుకుంటున్నది.

మంచుదారి:
ఇవాళ యార్డుకు వెళ్లి చూశాను. మా బండిలో కూడా స్విచ్ తిప్పినా డిటెక్టర్ పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కనుక గ్యాస్ సిలిండర్ల వాల్వులు మూసేసి, బండికి పోయే తీగలన్నీ బ్యాటరీ నుంచి విప్పేసి, ప్యానెల్‌ను కంట్రోలర్ ద్వారా నేరుగా బ్యాటరీలకే కలిపి, ముందు భాగంలో నిలువుగా బిగిద్దామనుకుంటున్నాను.

పెన్నాతీరం:
బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టండి. జనవరిలో ఒకసారి వెళ్లి వోల్టేజీ చూసి రండి, 12.4కు దిగితే నేను చెప్పినట్టు విప్పి తెచ్చుకోవలసిందే.

ఎండపొద్దు:
దిగదు.