ట్రైక్‌కి గుడ్డ బాడీ: లైక్రానా, రిప్‌స్టాప్ నైలానా?

అన్నలూ అక్కలూ, మూడు చక్రాల రికంబెంట్ ట్రైక్‌కి (వెనక్కి వాలి కూర్చుని తొక్కే సైకిల్) గుడ్డతో బాడీ కడదామనుకుంటున్నా, ఫైబర్‌గ్లాస్ అయితే బరువు, పైగా మోల్డ్ చేయించాలి, అంత ఖర్చు పెట్టలేను. సన్న అల్యూమినియం పైపులు వంచి ఫ్రేమ్ రెడీ చేశా. 2008లో బీఎండబ్ల్యూ చూపించిన గీనా కాన్సెప్ట్ కారుకి కోటింగ్ ఉన్న స్పాండెక్స్ తొడిగారు కదా, అది చూసినప్పట్నుంచీ ఇదే ఆలోచన. లైక్రా (అదే, సాగే స్పాండెక్స్ గుడ్డ) వంపుల మీద ముడతల్లేకుండా కూర్చుంటుంది కానీ వానకి తడిసిపోతుంది, పైపుల మధ్య లోపలికి కుంగుతుంది కూడా. రిప్‌స్టాప్ నైలాన్ (చిరుగు పాకకుండా గళ్ళుగా నేసిన గుడ్డ) పెద్దగా సాగదు, ముక్కలు కత్తిరించి కుట్టాల్సిందే. చిన్న విమానాల రెక్కలకి వేసే పాలిస్టర్ గుడ్డ ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే బిగుసుకుంటుంది, మరి ఆ బిగువుకి నా పైపులు వంగిపోవా? చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఎదురుగాలికి గుడ్డ టపటపా కొట్టుకోకుండా ఏం చేశారు, మన ఎండల్లో లోపల ఉక్కపోయకుండా గాలికి దారి ఎక్కడ వదిలారు?