పాదచారుల షాపింగ్ వీధిలో పలకలు ఊగుతున్నాయి: పాత కాంక్రీటు మీదే మళ్లీ పరవొచ్చా?

వీధిలెక్క:
వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకే వదిలిన షాపింగ్ వీధి ఒకటి తిరిగి పరవాలి. పొడవు 280 మీటర్లు, గోడ నుంచి గోడకి వెడల్పు 11 మీటర్లు. ఇప్పుడున్నవి 600×600 గ్రానైట్ పలకలు, మందం 50 మి.మీ. వాటి కింద దాదాపు 40 మి.మీ. ఇసుక, ఆ కింద 200 మి.మీ. పాత కాంక్రీటు. పలకల మధ్య సందులు సిమెంటు మాలుతో నింపారు. వాన వెలిసిన మర్నాడు కూడా కాలేస్తే సందుల్లోంచి బురదనీళ్లు చిమ్ముతున్నాయి. పొద్దున పదింటిదాకా సరుకు వ్యాన్లు, చెత్త లారీ వస్తాయి. వాటి చక్రాలు నడిచే దారి పొడవునా పలకలు విరిగాయి. కాంక్రీటు చాలాచోట్ల గట్టిగానే ఉంది. దాన్ని ఉంచి పైన కొత్త రాయి వేస్తే సరిపోతుందా? పలకలా, చిన్న బ్లాకులా? షాపులు మూయకుండా పని ఎలా నడపాలి?

తాపీగీత:
జబ్బు మీరు రాసిన వివరాల్లోనే ఉంది. కింద కదిలే ఇసుక, పైన కదలని మాలు. చక్రం ఎక్కినప్పుడు ఇసుక కాస్త నలుగుతుంది, రాయి ఒక వెంట్రుకవాసి దిగుతుంది. సందులోని మాలు అంతమాత్రం వంగలేదు కాబట్టి అంచు వెంట చీలుతుంది. ఆ చీలికలోంచి దిగిన నీళ్లు కాంక్రీటు మీద ఆగిపోతాయి, కిందికి ఇంకే దారి లేదు. తర్వాత వచ్చే ప్రతి చక్రం ఆ నీటిని, దాంతోపాటు మెత్తని ఇసుకని పైకి చిమ్ముతుంది. ఇసుక పోయినచోట పలక డొల్లగా నిలబడి విరుగుతుంది. రాయి నాణ్యతకి దీంతో సంబంధం లేదు. ఎంత ఖరీదైన రాయి తెచ్చి ఇదే పద్ధతిలో వేసినా ఫలితం ఇదే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: కింది నుంచి పైదాకా అంతా బిగువుగా కట్టాలా, అంతా వదులుగా కట్టాలా. రెండూ కలపకూడదు.

బిగువు పద్ధతిలో కాంక్రీటు మీద 30–40 మి.మీ. మాలు వేస్తారు. ప్రతి పలక అడుగున అంటుకునే స్లర్రీ (పల్చటి సిమెంటు ముద్ద) పూసి, అది తడిగా ఉండగానే దించాలి. సందులు 6–10 మి.మీ. ఉంచి, అడుగుదాకా నిండేలా గ్రౌట్ పోయాలి. స్లర్రీ పూయకపోతే ఏమవుతుందో ఊడిన పలకని తిప్పి చూస్తే తెలుస్తుంది: అడుగు శుభ్రంగా, మాలు ఆనవాలే లేకుండా ఉంటుంది. దాదాపు ప్రతి 6 మీటర్లకు, గోడల పక్కన, మ్యాన్‌హోల్ చట్రాల చుట్టూ సాగే సందు వదలాలి. కింది కాంక్రీటులో ఎక్కడ జాయింటు ఉందో పైనా సరిగ్గా అక్కడే ఉండాలి, లేదంటే పగులు తనంతట తనే దారి వెతుక్కుంటుంది. మాలు, గ్రౌట్ రెండూ బలం పట్టేదాకా ఒక్క వ్యాను కూడా ఎక్కకూడదు. షాపుల వీధిలో ఈ పద్ధతికి అసలు అడ్డంకి ఇదే.

వదులు పద్ధతిలో 80 మి.మీ. మందం బ్లాకులు, కింద దిమ్మిస కొట్టాక 30 మి.మీ. తేలే కడిగిన గరుకు ఇసుక, 2–5 మి.మీ. సందుల్లో ఎండబెట్టిన సన్న ఇసుక. క్రషర్ డస్టు వద్దే వద్దు. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి 1–2 శాతం మించితే, తడిసినప్పుడు ఆ పొర జారిపోతుంది. బండ్లు తిరిగేచోట హెరింగ్‌బోన్ అల్లిక (బ్లాకులు ఒకదానికొకటి అడ్డంగా, చేప ముల్లులా పేర్చేది) వేయండి. చక్రం బ్రేకు వేసినా, తిరిగినా ఆ తోపుని అది అన్ని వైపులకీ పంచుతుంది. ఇటుక వరస అయితే నెమ్మదిగా ఒక వైపుకి జరుగుతూ పోతుంది.

పలకల విషయానికొస్తే, విరిగే బరువు మందం వర్గాన్ని (మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 50 నుంచి 80 మి.మీ.కి వెళ్తే రెండున్నర రెట్ల పైచిలుకు. అదే మందంలో పొడవు సగం చేస్తే మోసే బరువు రెట్టింపు. మీ దగ్గర చెత్త లారీ ఉంది కాబట్టి 600 పలకని ఇసుక మీద ఏ మందంలోనూ నేను సిఫారసు చేయను.

కాంక్రీటు ఉంచాలనుకుంటే పల్లపు చోట్ల 50 మి.మీ. రంధ్రాలు ఆరపారా తొలిచి, సన్న రాతి చిప్స్ నింపి, పైన జియోటెక్స్‌టైల్ (నీళ్లని వదిలి ఇసుకని ఆపే గుడ్డ) ముక్క పరవండి. ఇసుక కొట్టుకుపోదు, నీళ్లు ఆగవు.

నీటివాటం:
తాపీగీత గారు చెప్పిన జబ్బు నిజమే. కాంక్రీటు ఉంచే మాట మాత్రం లెవల్స్ తీయకుండా అనకూడదు.

ఇప్పుడు కాంక్రీటు పైన 90 మి.మీ. ఉంది. బ్లాకులూ ఇసుకా కలిపి 110, అంటే 20 మి.మీ. పైకి. 80 మి.మీ. పలకలూ మాలూ అయితే 120, అంటే 30 పైకి. షాపు గుమ్మాలు పైకి లేవవు. ప్రతి గుమ్మం దగ్గరా లెవల్ తీసి, ఆ గీతల నుంచే డిజైన్ మొదలుపెట్టాలి. వీధి మధ్య నుంచి గుమ్మాల వైపు లెక్క వేసుకుంటూ వస్తే చివరి గుమ్మంలోకి నీళ్లు పోతాయి.

ఇంకో లెక్క. రెండు వైపుల నుంచి మధ్య కాలువకి 2 శాతం వాటం ఇస్తే 5.5 మీటర్లకి 110 మి.మీ. దిగాలి. ఇసుక పొర అంతటా ఒకే మందం ఉండాలి కాబట్టి ఆ వాటం కాంక్రీటులోనే ఉండాలి. వాటం తక్కువైనచోట ఇసుక మందం పెంచి సరిచేయడం చాలా చోట్ల చూసే తప్పు. మందం ఉన్నచోట ఎక్కువ నలిగి, ఆర్నెల్లలో పళ్లెంలా గుంట పడుతుంది. 2.5 శాతం దాటించినా చక్రాల కుర్చీ పక్కకి లాగేస్తుంది.

అన్నిటికన్నా ముందు భూమి కింద ఏముందో చూడండి. రాడార్ సర్వే చేయించి, అనుమానం ఉన్నచోట చేత్తో తవ్వి చూడాలి. పాత షాపుల నేలమాళిగలు గోడ దాటి వీధి కిందికి వచ్చి ఉండొచ్చు. అక్కడ రోలర్ ఎక్కించకూడదు, కప్పు మీద నీరు దిగని పొర వేయకుండా పరవకూడదు. నీళ్ల పైపులు, మురుగు, కరెంటు, టెలికాం వాళ్లందర్నీ కూర్చోబెట్టి, మార్చాల్సినవన్నీ ఇప్పుడే మార్పించండి. ఖాళీ డక్టులు (కేబుళ్లు దూర్చే గొట్టాలు) రెండు అదనంగా వేసి, లోపల లాగే తాడు వదిలి, చివర్లు మూయాలి. కొత్త రాయి వేసిన ఏడాదికే కేబుల్ కోసం తవ్వి తారు పూసి వెళ్లడానికి ఎవరికీ సాకు మిగలకూడదు. తవ్విన కాలువలు 150 మి.మీ. పొరలుగా పూడ్చి, ప్రతి పొరా దిమ్మిస కొట్టించండి. మొదట కుంగేవి ఆ గీతలే.

వీధిలెక్క:
లెవల్స్ తీయించాం. కాంక్రీటు వాటం 1 శాతం కూడా లేదు. మురుగు లైను మొత్తం, నీళ్ల లైను సగం మార్చాలంటున్నారు. ఇంకా కాంక్రీటు ఉంచడంలో అర్థముందా?

తాపీగీత:
లేదు. మధ్యలో 55 మి.మీ.కి పైగా చెక్కాలి, పెరిగే మందం కోసం అంతటా ఇంకో 20. ఆ పైన పైపుల కోసం తవ్వే రెండు కాలువలు దాన్ని నిలువునా కోస్తాయి. మిగిలేది ముక్కలే. పాత ముక్కకీ కొత్త పూడికకీ మధ్య గీత పైన బ్లాకుల్లో అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. పూర్తిగా తీసేసి వదులు పద్ధతికే వెళ్లండి: నేల చదును చేసి, గ్రేడెడ్ కంకర (పెద్దా చిన్నా సైజులు కలిసినది) కనీసం 250 మి.మీ., రెండు పొరలుగా రోల్ చేసి, ఆ మీద ఇసుక, బ్లాకులు. నేల మెత్తనైతే మందం పెరుగుతుంది, సీబీఆర్ పరీక్ష (నేల ఎంత బరువు మోస్తుందో చూసేది) తర్వాతే ఖరారు చేయండి. అంచులు మాత్రం కాంక్రీటులో బిగించిన రాళ్లే. అంచు వదిలితే వీధంతా వదులవుతుంది. ఇక్కడ ఇంకో లాభం: దిమ్మిస కొట్టి సందుల్లో ఇసుక నింపిన రోజే బండి ఎక్కొచ్చు.

వీధి శాశ్వతంగా నడకకే అనుకుని పల్చగా కట్టొద్దు. అమెరికాలో కలమజూ మాల్ 1959లో పాదచారులకి ఇచ్చారు, 1998లో మళ్లీ కార్లకి తెరిచారు. బండ్లు రాకపోయినా ఫైరింజన్ రావాలి.

రాళ్లబండి:
షాపులు తెరిచి ఉంచే సంగతి. 30–40 మీటర్ల ముక్కలుగా, సగం వెడల్పు చొప్పున చేయండి. రెండో సగంలో తాత్కాలిక దారి కనీసం 1.5 మీటర్లు, కుదిరితే 2. తవ్విన గుమ్మాల ముందు చేత్తో పట్టుకునే కమ్మీలున్న చెక్క వంతెన, అంచున చక్రాల కుర్చీకి ర్యాంపు. ముందు ముక్క పూర్తికాకుండా తర్వాతది తవ్వనివ్వకండి. గుత్తేదార్లు వీధంతా ఒకేసారి తెరవాలని చూస్తారు, మురుగు లైనులో ఊహించనిది తగిలితే అందరి గుమ్మాలూ ఇరుక్కుంటాయి. రాయి కోత నీళ్లతోనే. పొడి కోతలో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

రాయి ఒకే క్వారీ నుంచి, నమూనాగా 2×2 మీటర్ల ముక్క పరిచి తడిపి చూశాకే ఆర్డరు. వేసేటప్పుడు మూడు నాలుగు ప్యాలెట్ల నుంచి కలిపి తీయాలి, లేకపోతే రంగు పట్టీలు పడతాయి. 5 శాతం అదనంగా కొని భద్రపరచండి. పదేళ్ల తర్వాత అదే రంగు దొరకదు. మ్యాన్‌హోల్ మూతలు లోపల రాయి పొదిగే రకం తీసుకుని చట్రాన్ని బ్లాకుల వరసకి సమాంతరంగా తిప్పండి. చుట్టూ మూడో వంతుకన్నా చిన్న ముక్క పెట్టాల్సి వస్తే పక్క రాయిని కూడా కోసి పంచండి, చిన్న ముక్కే ముందు లేస్తుంది.

చెట్టునీడ:
రెండు మాటలు. రాయి పై ముఖం నిప్పుతో కాల్చిందో, సుత్తి దెబ్బ వేసిందో అయి, తడిలో లోలకం పరీక్ష (కాలు ఎంత జారుతుందో కొలిచేది) విలువ 36కి తగ్గకూడదు. పాలిష్ రాయి నమూనా ఎవరైనా తెస్తే వెనక్కి పంపండి. గట్టు లేని వీధిలో చూపులేని వాళ్లకి అంచు తెలియదు. బండ్ల దారి మొదలయ్యేచోట బుడిపెల పలకలు వేసి, గోడల వెంట అడ్డు లేని దారి వదిలి, బెంచీలు, దీపాలు, చెత్తబుట్టలు అన్నీ ఒకే వరసలో ఉంచండి. చెట్లు వేస్తే గుంట ఒక్కటే చాలదు. రోల్ చేసిన కంకరలోకి వేరు దిగదు, ఇసుక పొరలోకి వచ్చి రాళ్లు లేపుతుంది. బ్లాకుల కింద మట్టి పెట్టెలు అమర్చి వేరుకి చోటివ్వాలి, అది కూడా మురుగు లైను గీసే దశలోనే.

వీధిలెక్క:
ఊడ్చే యంత్రం ఎప్పటినుంచి తిప్పొచ్చు?

తాపీగీత:
పీల్చే రకమైతే మొదటి మూడు నెలలూ చీపుర్లతోనే సరిపెట్టండి. సందులోని ఇసుక బిగిసేలోపు అది లాగేస్తుంది. రెండు వారాలకోసారి నడిచి చూసి, సందు 5 మి.మీ.కన్నా లోతుకి దిగినచోట ఇసుక మళ్లీ నింపండి. చూయింగ్ గమ్ వదిలించడానికి ప్రెషర్ జెట్ వాడితే మూతి సందులోకి నిలువుగా పట్టకుండా వాలుగా పట్టమనండి, పని అయిన రోజే మళ్లీ ఇసుక పోయించండి. ఈ రెండూ నిర్వహణ కాంట్రాక్టులో రాయించాలి.