పట్టేదాకానా, ముట్టేదాకానా?

డాలస్ తాతయ్య:
పోయిన శనివారం మనవడి బేస్‌బాల్ ఆటకెళ్లాను. మూడో బేస్ మీద నిలబడి, అక్కడ్నుంచి హోమ్ బేస్‌కి పరిగెత్తాల్సిన కొడుక్కి ఒక తెలుగాయన కంచె అవతల్నుంచి అరిచిన మాట చెవిలో ఉండిపోయింది. "బంతి _ట్టేదాకా కదలకు, _ట్టాక ఆగకు!" ప్రాస 'ట్ట' ఖాయం. మొదటి అక్షరం పకారమా, 'ము'నా?

గోదారిగట్టు:
పట్టేదాకానే. క్యాచ్ పడతాం గానీ ముడతామా?

పాతపలక:
అక్కడే పొరబడ్డారు గురువుగారూ. గాల్లో పట్టే బంతికి రన్నర్ (బేస్ మీదున్న ఆటగాడు) బేస్ వదలొచ్చేది బంతి పట్టు చిక్కాక కాదు, ఫీల్డర్‌కి మొదటిసారి తగిలిన క్షణాన. లేకపోతే అవుట్‌ఫీల్డర్ (మైదానం దూరపు భాగంలో కాసేవాడు) బంతిని చేతుల్లో ఎగరేసుకుంటూ లోపలిదాకా పరిగెత్తుకొస్తాడు, రన్నర్ బేస్‌కి అతుక్కుని చూస్తుండాలి. కాబట్టి 'ము'.

ఓరుగల్లు:
మా దిక్కు 'పైసలు ముట్టినయా' అంటే చేతికొచ్చినయా అని, వేలికి తాకినయా అని కాదు. ఖబర్ ముట్టుడు సుత అంతే. మీ 'ము' తిరిగి తిరిగి 'ప' దగ్గర్కే వచ్చె.

పాతపలక:
తాకడమే అసలు అర్థం, అందడం ఆ తర్వాత చేరిందని నా పట్టుదల.

గోదారిగట్టు:
పట్టుదలా, ముట్టుదలా? :) ఏదైనా గాల్లోకి లేచిన బంతిని చూస్తే నాకు పోతన వామనుడే. ఇంతింతై, నభోవీధిపైనంతై, తోయదమండలాగ్రమున కళ్లంతై...

పెన్నొడ్డు:
'కళ్లంతై' కాదు మహాప్రభో! అగ్రమునకు + అల్లంతై. పైగా వామనుడు పైకి పోయేకొద్దీ పెరిగాడు, బంతి చిన్నదవుతుంది. పోలిక తిరగబడింది.

గోదారిగట్టు:
కింద నిలబడి పట్టేవాడినడగండి, దిగేటప్పుడు ఎంతవుతుందో.

పాతపలక:
అసలు తగువంటే ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనే నియమంలోని 'ఆర్డినరీ ఎఫర్ట్'ది. ఒకటి, రెండు బేస్‌ల మీద రన్నర్లుండాలి (మూడూ నిండినా సరే), రెండు అవుట్లు పడకూడదు. అప్పుడు లేచిన బంతి ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాసేవాడు) ఆర్డినరీ ఎఫర్ట్‌తో పట్టగలిగేదైతే, వదిలేసినా బ్యాటర్ అవుటే. కావాలని జారవిడిచి ఇద్దర్ని అవుట్ చేసే కపటానికి విరుగుడు. 2012 అక్టోబర్ 5న అట్లాంటాలో షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య కాసే ఇన్‌ఫీల్డర్) ఎడమవైపు అవుట్‌ఫీల్డ్‌లోకి అంత దూరం పోతే కూడా అంపైర్ ఇదే ఇచ్చాడు. బంతేమో నేలపాలు. జనం సీసాలు విసిరారు, ఆట 19 నిమిషాలు ఆగింది. ఆ 'ఆర్డినరీ'కి తెలుగేది?

గోదారిగట్టు:
అవలీలగా.

పెన్నొడ్డు:
అవలీల కృష్ణుడు కొండనెత్తినప్పటిదండీ. షార్ట్‌స్టాప్‌కెందుకు?

డాలస్ తాతయ్య:
ఇవాళ ఆయన మళ్లీ కనబడితే అడిగేశాను. "నేనా? 'తట్టేదాకా' అన్నానండీ" అన్నాడు.

పాతపలక:
'త'నా! బంతి గ్లవ్‌ని తట్టడమా, గ్లవ్ బంతిని తట్టడమా?

ఓరుగల్లు:
గది సరే తాతా, ఇంతకీ పిలగాడు ఇల్లు ముట్టిండా?

డాలస్ తాతయ్య:
లేదు నాయనా. నాన్న ఏమన్నాడో అర్థంకాక తల తిప్పి "వాట్?" అన్నాడు.