లియోన్‌లో అమ్మతో ఒక్క రోజు నడక: మోకాళ్ళ నొప్పి ఉంది, ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

ఎంవీపీ_వాణి

నమస్కారమండీ. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మా తమ్ముడు ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరు మొదటి వారంలో అమ్మనీ నన్నూ రమ్మన్నాడు. వాడికి శని, ఆదివారాలు తప్ప సెలవు దొరకదు. మధ్యలో ఒక రోజు మేమిద్దరమే ఊరు చూసుకోవాలి. ఇంగ్లీషులో చెప్పే గైడుతో రెండున్నర గంటల నడక టూర్ ఉందట, బుక్ చేసేయనా అంటున్నాడు.

అమ్మకి 68. పొద్దున్నే అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. చదునుగా ఉంటే ఎంత దూరమైనా ఫర్వాలేదు, మెట్లు దిగడమే కష్టం. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ గబగబా చెబితే పట్టుకోలేదు. గుడ్డు కూడా ముట్టదు.

ఇంకో సంగతి. అమ్మ పుట్టిల్లు పొందూరు. తాతగారు మగ్గం నేసేవారు, చిన్నప్పుడు అమ్మే కండెలు చుట్టి ఇచ్చేదట. లియోన్ ఒకప్పుడు పట్టు నేతకి పెట్టింది పేరని తమ్ముడు అన్నప్పట్నుంచీ "అక్కడ మగ్గాలేమైనా చూపిస్తారేమో కనుక్కోవే" అని నా ప్రాణం తీస్తోంది. ఆ టూర్ వాళ్ళ లిస్టులో మగ్గాల ఊసే లేదు. పాత ఊరు, కెథడ్రల్, కొండ మీద చర్చి, అంతే. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెబుతారా?

కంచరపాలెం_కిరణ్

అక్కా, నేను అక్కడే ఎమ్మెస్ చేశా. టూర్ ఏం అక్కర్లేదు, ఊరు చాలా సులువు. మెట్రో డి లైన్లో వ్యూ లియోన్ స్టేషన్లో దిగితే అక్కడే కొండెక్కే కేబుల్ రైలు ఉంటుంది, అక్కడివాళ్ళు దాన్ని ఫిసెల్ అంటారు. మెట్రో టికెట్టే దానికీ చెల్లుతుంది. పైన ఫూర్వియేర్ బసిలికా అనే పెద్ద చర్చి. అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే దూరంగా ఆల్ప్స్ కూడా. తర్వాత చర్చి కింద తోటలోంచి నడుచుకుంటూ పాత ఊళ్ళోకి దిగిపోవడమే. సింహాచలం బస్సులో ఎక్కి మెట్లదారిలో దిగినట్టు. ఫోటోలు అదిరిపోతాయి.

త్రబూల్స్ మాత్రం మిస్సవ్వకండి. ఇళ్ళ లోపలి నుంచి ఒక వీధిలో దూరి ఇంకో వీధిలో తేలే దారులు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కళ్ళుగప్పడానికి రెసిస్టెన్స్ అనే రహస్య పోరాటం చేసినవాళ్ళు వాటిని బాగా వాడుకున్నారు. మగ్గాల గురించి నాకు పెద్దగా తెలీదు, క్రువా రూస్ వైపు ఏదో మ్యూజియం ఉండాలి.

సీతమ్మధార_పంతులమ్మ

కిరణూ, నువ్వు చెప్పిన దారి పాతికేళ్ళ కాళ్ళకి. దిగడమే కష్టమని ఆ పిల్ల రాస్తే ఆవిణ్ణి కొండ మీంచి తోటలో దింపుతావా? ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు మోకాలు పోతుంది.

వాణీ, మా అమ్మాయి కాపురం లియోన్‌లోనే. రిటైరయ్యాక నా చలికాలాలు కొన్ని అక్కడే గడిచాయి. నాది మార్పించుకున్న మోకాలు, అందుకని ఆ ఊళ్ళో ఎక్కడ వాలుందో, ఎక్కడ మెట్లున్నాయో నాకు కంఠతా వచ్చు. పైగా ఫిజిక్స్ చెప్పినదాన్ని, యంత్రం కనిపిస్తే వదలను. ఓపిగ్గా చదువు.

ఊరి రూపం ముందు తెలుసుకో. రెండు నదులు, రెండు కొండలు. పడమర సోన్ నది, తూర్పున రోన్, రెండూ ఊరి దక్షిణాన కలుస్తాయి. సోన్ పడమటి ఒడ్డున ఫూర్వియేర్ కొండ, దాని పాదం దగ్గర పాత ఊరు. రెండు నదుల మధ్య, ఉత్తరాన క్రువా రూస్ కొండ. మొదటిది ప్రార్థించే కొండ, రెండోది పనిచేసే కొండ అని అక్కడ నానుడి. టూరిస్టులంతా మొదటిదానికి పోతారు. మీ అమ్మగారికి కావలసింది రెండోది. అందుకే ఆ టూర్ వద్దంటున్నాను. బాగోదని కాదు, మీ అమ్మగారి ఊరు అందులో లేదు.

పొద్దున్న ఓపిక ఉండగానే క్రువా రూస్ పెట్టుకోండి. హోటెల్ ద వీల్ స్టేషన్లో మెట్రో సి లైను ఎక్కండి. అది మామూలు మెట్రో కాదు, పట్టాల మధ్య పళ్ళ కడ్డీ ఉంటుంది, రైలు కింద పళ్ళచక్రం దాన్ని పట్టుకుని కొండెక్కుతుంది. ఒకచోట వాలు 17 శాతం. క్రువా రూస్ స్టేషన్లో దిగి బయటికొస్తే చౌకులో జకార్డు విగ్రహం. జోసెఫ్ మారీ జకార్డు ఆ ఊళ్ళోనే 1752లో పుట్టాడు. మన పట్టుచీరల మగ్గాల నెత్తిన కనిపించే జకార్డు, అదే పువ్వులు నేయించే యంత్రం, ఈయనదే. పక్కనే బులవారు, అంటే వెడల్పాటి రోడ్డు మీద పొద్దుటి సంత ఉంటుంది, సోమవారం తప్ప. పళ్ళు, బ్రెడ్డు అక్కడే కొనుక్కోండి.

అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే ఇవ్రీ వీధిలో మేజోఁ దే కాన్యూ. కాన్యూ అంటే అక్కడి పట్టు నేతవాళ్ళు. చేమగ్గం మీద నేసి చూపిస్తారు. అద్దాల వెనక బొమ్మలు పెట్టిన మ్యూజియం కాదు, మనిషి కూర్చుని నాడె విసురుతాడు. మీ అమ్మగారిని ముందు వరసలో నిలబెట్టు. నేను చాలాసేపు చూసింది పైన జకార్డుకున్న అట్టల్ని. చిల్లులు పొడిచిన అట్ట ముక్కలు దండలా కుట్టి వేలాడుతుంటాయి. ఒక్కో అట్ట అడ్డంగా పోయే ఒక్కో పేక పోగుకి. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికున్న కొక్కెం నిలువునా ఉన్న పడుగు పోగుని పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, ఆ పోగు కిందే ఉండిపోతుంది. పువ్వూ ఆకూ అన్నీ అలా చిల్లుల్లోంచి వచ్చినవే. కంప్యూటర్లకి పంచ్ కార్డులు వాడిన కాలం నేను చూశాను, వాటికి ఇదే మూలం.

ఆ పేటలో ఇళ్ళ కిటికీలు గమనించమని చెప్పు. ఒక్కో అంతస్తు 4 మీటర్ల దాకా ఎత్తు. జకార్డు పెట్టాక మగ్గం అంత ఎత్తయింది మరి. మన దగ్గరైతే నేలలో గుంట తీసి నేతగాడు కాళ్ళు అందులో పెట్టుకుంటాడు, ఇంటి కప్పు ఎంత దిగువనున్నా సరిపోతుంది. ఐదో అంతస్తులో గుంటెక్కడ తవ్వుతారు? కప్పే పైకి లేపారు. పొందూరు ఇల్లు తెలిసినావిడకి ఇది ఏ గైడూ చెప్పనక్కర్లేదు, తనే నీకు చెబుతుంది.

ఇంకో మాట కూడా ఆవిడ చెవిన వెయ్యి. అక్కడా షావుకారే పట్టు నూలూ డిజైనూ ఇచ్చేవాడు, నేసిన గుడ్డ తీసుకుని మజూరీ లెక్కగట్టేవాడు. మగ్గాలు మాత్రం నేతవాళ్ళవి. 1831లో కనీస మజూరీ ఖాయం చేశారు, ఆనక షావుకార్లు కొందరు అది ఇవ్వబోమన్నారు. నవంబరులో ఈ కొండ మీంచి నేతవాళ్ళు నల్లజెండా పట్టుకుని కిందికి దిగారు. "పని చేస్తూ బతకాలి, లేదా పోరాడుతూ చావాలి" అన్నది వాళ్ళ నినాదం. కొన్ని రోజులు ఊరు వాళ్ళ చేతిలోనే ఉంది. రాజు సైన్యాన్ని పంపాక అణిగిపోయారు. 1834 ఏప్రిల్‌లో మళ్ళీ లేచారు, ఈసారి రక్తం బాగా పారింది.

ఆ నేతవాళ్ళ ఆనవాలు చూడాలంటే కూర్ దే వొరాస్ అని ఒక ముంగిలి ఉంది. పెద్ద రాతి మెట్లవరస ఆరు అంతస్తుల ఎత్తున ముంగిట్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. త్రబూల్స్ అన్నిటిలోకీ గొప్పది అదే. ఆ మెట్లు ఎక్కడం దిగడం పెట్టుకోకండి. మళ్ళీ మెట్రో ఎక్కి ఒక్క స్టేషను కిందికి, క్రువా పాకేలో దిగండి. రోడ్డు వెంట కాస్త పైకి ఎక్కితే కోల్బేర్ చౌకు, అక్కడ 9వ నంబరు తలుపు. ముంగిట్లో నిలబడి తలెత్తి చూస్తే చాలు, ఎక్కక్కర్లేదు.

మధ్యాహ్నం కిరణ్ చెప్పిన ఫిసెల్. పైకి ఫూర్వియేర్ దాకా ఎక్కండి. బసిలికా మీద నాకు పెద్ద మోజు లేదు. 1870 యుద్ధంలో జర్మన్ల ప్రష్యా సైన్యం లియోన్ దాకా రాకపోతే కడతామని మొక్కుకుని 1872లో మొదలెట్టారు. లోపల ఒక్క అడుగు ఖాళీ లేకుండా బంగారు మొజాయిక్కులు. నాకైతే కళ్ళు బరువెక్కాయి. ఐదు నిమిషాలు వాలులో నడిస్తే రోమన్ థియేటర్, అది నచ్చుతుంది. ఈ ఊరిని రోమన్లు క్రీ.పూ. 43లో లుగ్డునుం పేరుతో కట్టారు. థియేటర్లో పదివేల మంది పట్టేవారట. ప్రవేశం ఉచితం. అరుగుల మీదికి దిగకండి, పైనుంచే చూడండి. పక్క మ్యూజియాన్ని కొండలోకి తొలిచి కట్టారు, లోపలంతా మెట్ల బదులు వాలుదారి. అందులో రోమన్ చక్రవర్తి క్లాడియస్ ప్రసంగం చెక్కిన కంచు పలక ఉంది. ఆయన పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఆ పలక 1528లో క్రువా రూస్ వాలున ఒక బట్టల వర్తకుడి ద్రాక్షతోటలో దొరికింది. ఏ కొండకి పోయినా చివరికి బట్టల దగ్గరికే వస్తాం చూడు.

దిగడానికి మళ్ళీ ఫూర్వియేర్ స్టేషనుకి రానక్కర్లేదు. థియేటర్ దగ్గర మినీమ్ స్టేషను ఉంది, అక్కడ ఎక్కితే నేరుగా కింద వ్యూ లియోన్‌కే చేరుస్తుంది. అంటే కొండ మీద మీరు నడిచేదంతా చిన్న వాలే.

పాత ఊళ్ళో సెయింట్ జీన్ కెథడ్రల్, ఖగోళ గడియారం చూసి, ఒక్క త్రబూల్ చాలు. నేలంతా గుండ్రాళ్ళు పరిచిన వీధులు, మెత్తని మందపు అడుగున్న బూట్లు వేయించు, చీర మీదకైనా సరే. సాయంత్రం 5కే చీకటి పడిపోతుంది, అందుకే దీన్ని ఆఖర్న పెట్టాను. దీపాలు వెలిగాకే ఆ వీధి బావుంటుంది.

గాజువాక_పద్మ

పంతులమ్మగారు అన్నీ చెప్పారు, తిండి ఒక్కటీ వదిలేశారు. వాణిగారూ, లియోన్‌లో బుషోన్ అనే పాతకాలం హోటళ్ళకి తమ్ముడు తీసుకెళ్తానన్నా మీ అమ్మగారితో వద్దు. పేగులు, పంది మాంసం, కాలేయం తప్ప మరోటి కనపడదు. సలాడ్ అడిగినా అందులో పంది ముక్కలూ పైన గుడ్డూ ఉంటాయి. కెనెల్ మెత్తగా ముద్దలా వస్తుంది, అందులో చేప. గులాబీ రంగు బాదం టార్ట్ చూడముచ్చటగా ఉంటుంది గానీ పిండిలో గుడ్డు వేస్తారు. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. క్రువా రూస్ బులవారు చివర గ్రో కైయూ అని పెద్ద బండరాయి ఉంది. 1861లో అక్కడ రైలు సొరంగం తవ్వుతుంటే బయటపడింది. దాని దగ్గర బెంచీలున్నాయి, రోన్ వైపు ఊరు కనిపిస్తుంది. మేం అక్కడే తిన్నాం, ఎవరూ వింతగా చూడలేదు.

ఎంవీపీ_వాణి

పంతులమ్మగారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. గుంట, కప్పు సంగతి దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. టూర్ వద్దని తమ్ముడికి చెప్పేశాను. రెండు అనుమానాలు. త్రబూల్ తలుపులు మనమే తోసుకుని వెళ్ళిపోవచ్చా, ఎవరైనా అరుస్తారా? డిసెంబరు 8న దీపాల పండగ ఉందట, ఆ రోజే పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయా?

సీతమ్మధార_పంతులమ్మ

అవి మనుషులు కాపురాలుంటున్న ఇళ్ళమ్మా. లోపల పోస్టు డబ్బాలు, సైకిళ్ళు, ఎవరో ఆరేసిన గొడుగు. దారి తెరిచి ఉంచితే మరమ్మతు, శుభ్రం ఖర్చుల్లో సాయం చేస్తామని నగరపాలక సంస్థ ఇళ్ళవాళ్ళతో ఒప్పందం చేసుకుంది. నాలుగు వందల దాకా ఉన్నాయంటారు, జనం చూడగలిగేవి నలభై దాకా. పొడవైనది సెయింట్ జీన్ వీధి 54 నంబరులో మొదలై బఫ్ వీధి 27లో తేలుతుంది, మధ్యలో కొన్ని ముంగిళ్ళు. తలుపు పక్కన మీట నొక్కి నెట్టాలి, తెరుచుకోకపోతే పక్కదానికి పోవాలి. లోపల గొంతు తగ్గించి మాట్లాడుకోండి, మెట్లెక్కి పై అంతస్తులకి పోకండి, అంతే, ఎవరూ ఏమీ అనరు. అన్నట్టు ఆ పాత పేటని 1964లో రక్షిత ప్రాంతం చేశారు, ఫ్రాన్స్‌లో అదే మొదటిది. లేకపోతే రోడ్డు కోసం కొంత కొట్టేసేవాళ్ళే. మన పాత పోస్టాఫీసు వీధుల్లో మిద్దెలు చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది, సరేలే.

8వ తేదీ పగలు నడక పెట్టుకోకు. 1852లో ఫూర్వియేర్ మీద మరియమ్మ విగ్రహం ప్రతిష్ఠ సెప్టెంబరులో జరగాల్సింది, సోన్ వరదతో డిసెంబరు 8కి వాయిదా పడింది. ఆ రోజూ గాలివాన వచ్చింది, తెరిపివ్వగానే జనం ఎవరి కిటికీలో వాళ్ళు దీపాలు పెట్టారు. అక్కణ్ణుంచి మొదలైంది. ఇప్పుడు నాలుగు రాత్రులు లైటింగ్ షోలు, లక్షల మంది, నడిమి ఊళ్ళో తోసుకుపోవడమే. మీ అమ్మగారిని ఆ గుంపులో వేయకు. 8వ తేదీ సాయంత్రం తమ్ముడి వీధిలోనే కిటికీల్లో గాజు గ్లాసుల్లో ఒత్తులు పెడతారు, అవి చూస్తే చాలు. గ్లాసులు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి, మీరూ పెట్టండి.

నడక మంగళవారం నుంచి శుక్రవారం లోపల ఎప్పుడైనా. సోమవారం సంతా ఉండదు, రోమన్ మ్యూజియమూ ఉండదు. మగ్గాల దగ్గర నేసి చూపించే వేళలు ముందురోజే తమ్ముణ్ణి కనుక్కోమను, ఫ్రెంచ్‌లో మాత్రమే చెప్పే వేళ దొరికినా ఫర్వాలేదు తీసుకోండి.

కంచరపాలెం_కిరణ్

వాణి అక్కా, రోజంతా చెల్లే టికెట్ ఒకటి తీసుకో, మెట్రో, ఫిసెల్, బస్సు అన్నీ అందులోనే. పంతులమ్మగారి దారిలో అయితే నాలుగైదుసార్లు ఎక్కి దిగాలి, విడివిడిగా కొంటే దండగ. ఓపిక మిగిలితే సి లైన్లోనే క్రువా రూస్ తర్వాతి స్టేషను ఎనోన్‌లో దిగండి, దగ్గర్లో కాన్యూల గోడబొమ్మ ఉంది. 1200 చదరపు మీటర్ల గోడ మీద పేటంతా గీశారు, మెట్ల వీధి నిజందే అనుకుంటాం. 1987లో వేసి, మళ్ళీ వేసినప్పుడల్లా అందులో మనుషులకి వయసు పెంచుతున్నారు. అక్కడ మాత్రం ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు పంతులమ్మగారూ, రోడ్డు మీద నిలబడి చూడడమే.

సీతమ్మధార_పంతులమ్మ

అది మంచి మాట చెప్పావు. వాణీ, సంత అయ్యాక మగ్గాల వేళకి ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళి రండి.