ఫోర్ బై ఫోర్ పికప్: 2హెచ్‌లోనే నడిపినా డీజిల్ ఎక్కువ తాగుతాదా?

తోటకాడ
బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోటకి మందులు, డ్రిప్ పైపులు తోలడానికి సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ చూస్తా ఉండా. మొగిలి ఘాట్ మీద పలమనేరుకీ తిరగాల. ఫోర్ బై ఫోర్ తీసుకుని 2హెచ్‌లోనే (వెనక చక్రాలకి మాత్రమే పవర్ పోయేట్టు) పెట్టుకుంటే మైలేజీ ఫోర్ బై టూ (రెండు చక్రాలకే పవర్ ఉండే బండి) అంత వస్తాదా?

గేర్‌నూనె
అంత రాదన్నా. ముందు చక్రాలకి పవర్ పోకపోయినా ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె), ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు), షాఫ్టుల బరువు బండి మోయాల్సిందే కదా. లీటరుకి 12 ఇచ్చే బండైతే అర కిలోమీటరు, మహా అయితే ఒకటి తగ్గుతాది.

ముందు యాక్సిల్ విడిపోయే ఏర్పాటు ఉంటే లోపలి గేర్లు నిలబడిపోతాయి. లేదంటే ఉత్తినే తిరుగుతా నూనె చిలుకుతా ఉంటాయి. కొనేముందు చూసుకోండి: వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు భాగం స్టాండ్ల మీద లేపి, 2హెచ్‌లో ఇద్దరు రెండు ముందు చక్రాలనీ ఒకే దిక్కుకి తిప్పండి. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు డిఫరెన్షియల్‌కి పోయే కడ్డీ) తిరిగితే ఆ ఏర్పాటు లేనట్టే, లేదా పనిచేయనట్టే. ఒక్క చక్రమే తిప్పితే అవతలిది ఎదురు తిరుగుతాది, ఏమీ తేలదు.

ఘాట్‌మలుపు
వానలో పట్టు కోసమని తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకీ పవర్) వేస్తారు చాలామంది. వద్దు. ఈ బండ్లలో ముందు, వెనక షాఫ్టుల వేగం తేడాని సర్దే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల, షాఫ్టులేమో రెండూ ఒకే వేగంతో బిగుసుకుని ఉంటాయి. టైర్లు గీసుకుపోతాయి, డీజిల్ పోతాది, లివర్ 2హెచ్‌కి రాదు. అట్లా ఇరుక్కుంటే స్టీరింగ్ నేరుగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్స్ పోతే వదులుతాది. ఆల్ వీల్ డ్రైవ్ వేరే కథ. అందులో మధ్య డిఫరెన్షియలో క్లచ్చో ఉంటాది కాబట్టి తారు మీదా భయం లేదు.

తోటకాడ
చూసిన బండికి 245/70 ఆర్16 సైజు టైర్లు తీసేసి 265/75 ఆర్16 వేసినారు. మీటరు లెక్కన 11 వస్తాదంట.

గేర్‌నూనె
ఆ లెక్క నమ్మొద్దు. టైరు వ్యాసం 749 నుంచి 804 మిల్లీమీటర్లైంది, 7 శాతం పెద్దది. మీటరు 93 చూపిస్తే బండి 100 పోయినట్టు. నిజంగా వచ్చేది పదకొండున్నర పైనే. అయితే ఘాట్‌లో ఒక గేరు కిందికి దించాల్సొస్తాది, అక్కడ డీజిల్ లాగుతాది.

మీరే కొలవండి. ఒకే బంకు, ఒకే పంపు, మొదటి ఆటో కట్ దాకా ఫుల్ ట్యాంకు. 300 కిలోమీటర్లు తిప్పి మళ్లీ అట్లే నింపి, మీటరు చూపిన దూరాన్ని 1.07తో హెచ్చించి లీటర్లతో భాగించండి. నాలుగు టైర్ల అరుగుదల కూడా చూడండి, రెండు కొత్తవి రెండు పాతవి అయితే 4హెచ్‌లో నేరు రోడ్డు మీద కూడా బిగుస్తాది.